గనుల పక్క ఊళ్లకు డీఎంఎఫ్ నిధులు: ప్రతిపాదన పెట్టడానికి ఎవరి సాయం, ఎలా తీసుకోవాలి

మీ ఊరి పక్కన గ్రానైట్ క్వారీ ఉందా? సిమెంటు ఫ్యాక్టరీ కోసం సున్నపురాయి తవ్వుతున్నారా? ఓపెన్‌కాస్టు బొగ్గుగని మీ పొలాల దాకా వచ్చేసిందా? అయితే కలెక్టర్ అధ్యక్షతన నడిచే ఒక ట్రస్టు ఉంటుంది, మీలాంటి ఊళ్ల కోసమే వసూలు చేసిన డబ్బు దాని ఖాతాలోకి వెళ్తుంది. దాని పేరు డిస్ట్రిక్ట్ మినరల్ ఫౌండేషన్. ఆఫీసుల్లో డీఎంఎఫ్ అంటారు, తెలంగాణలో డీఎంఎఫ్‌టీ అనడం ఎక్కువ, పేపర్లలో జిల్లా ఖనిజ నిధి అని కూడా రాస్తారు.

చీమకుర్తి క్వారీల చుట్టుపక్కల, ఎర్రగుంట్ల, దాచేపల్లి, మేళ్లచెరువు సున్నపురాయి గనుల పక్కన, సింగరేణి ఓపెన్‌కాస్టుల అంచున ఉన్న ఊళ్ల బాధలు దాదాపు ఒకటే. దుమ్ము, ఎండిన బోర్లు, బ్లాస్టింగ్‌కి బీటలు వారిన గోడలు, టిప్పర్లు తిరిగి గుంతలు పడ్డ రోడ్లు. ఆ ఊళ్ల వాళ్లు అర్జీలు పెట్టరని కాదు, పెడుతూనే ఉంటారు. కానీ అర్జీలో బాధ ఉంటుంది, మంజూరు చేయడానికి కావలసిన వివరం ఉండదు. అంచనా వేసిన ఇంజినీరు సంతకం, గ్రామసభ తీర్మానం, స్థలం సర్వే నంబరు, ల్యాబు రిపోర్టు జతచేసి ఉన్న ఫైలు ముందుకు కదులుతుంది. ఈ కాగితాల్లో ఒక్కటి కూడా మీరు ఒంటరిగా తయారు చేయలేరు, చేయాల్సిన అవసరమూ లేదు. ఒక్కోదానికి ఒక్కో మనిషి ఉన్నాడు. ఆ మనిషిని ఎలా పట్టుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు ఈ డబ్బు ఏమిటో తెలుసుకోండి

2015లో గనులు, ఖనిజాల చట్టాన్ని సవరించి 9బి అనే సెక్షన్ చేర్చారు. గనుల వల్ల ప్రభావితమైన ప్రతి జిల్లాలో లాభాపేక్ష లేని ట్రస్టు పెట్టాలని, అది గనుల వల్ల నష్టపోయిన మనుషుల, ప్రాంతాల మేలు కోసమే పనిచేయాలని ఆ సెక్షన్ చెబుతుంది. ప్రధాన ఖనిజాల విషయంలో 2015 జనవరి 12కు ముందు ఇచ్చిన లీజులైతే రాయల్టీ (తవ్విన ఖనిజానికి ప్రభుత్వానికి కట్టే సొమ్ము) మీద 30 శాతం, ఆ తర్వాతి లీజులైతే 10 శాతం యజమాని అదనంగా ఈ ట్రస్టుకు కట్టాలి. గ్రానైటు, కంకర లాంటి చిన్న ఖనిజాలకు రేటు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది.

ఖర్చు ఎలా పెట్టాలో ప్రధానమంత్రి ఖనిజ్ క్షేత్ర కల్యాణ్ యోజన మార్గదర్శకాలు చెబుతాయి. 2015 సెప్టెంబరులో వచ్చిన వాటిని 2024 జనవరిలో సవరించారు. మీకు పనికొచ్చే మార్పులు ఇవి. గని నుంచి 15 కిలోమీటర్ల లోపు ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతం, 25 కిలోమీటర్ల దాకా పరోక్ష ప్రభావిత ప్రాంతం. నిధుల్లో కనీసం 70 శాతం ప్రత్యక్ష ప్రభావిత ప్రాంతంలోనే ఖర్చు కావాలి. అలాగే కనీసం 70 శాతం అధిక ప్రాధాన్య రంగాలకు వెళ్లాలి. అంటే తాగునీరు, పర్యావరణ పరిరక్షణ, కాలుష్య నియంత్రణ, వైద్యం, చదువు, స్త్రీ శిశు సంక్షేమం, వృద్ధులు, దివ్యాంగుల సంక్షేమం, నైపుణ్య శిక్షణ, పారిశుధ్యం లాంటివి. రోడ్లు, వంతెనలు, సాగునీటి పనులు రెండో వరసలోకి వస్తాయి. కాబట్టి సీసీ రోడ్డు అడిగే ఊరి కంటే మంచినీళ్లు అడిగే ఊరి ఫైలుకు బలం ఎక్కువ. రోడ్డు అడగొద్దని కాదు, మొదటి ప్రతిపాదన నీళ్లదో, ఆరోగ్యానిదో అయితే మంచిది.

ఒక విషయం కలగాపులగం కానివ్వకండి. కంపెనీల చట్టం 135వ సెక్షన్ కింద పెద్ద కంపెనీలు సామాజిక బాధ్యతగా ఖర్చు పెట్టే సీఎస్‌ఆర్ డబ్బు వేరు, దానికి కంపెనీని అడగాలి. పంటకో, ఇంటికో, ప్రాణానికో జరిగిన నష్టానికి పరిహారం వేరు, దానికి కోర్టో, గ్రీన్ ట్రిబ్యునలో ఉన్నాయి. డీఎంఎఫ్ ప్రధానంగా ఊరికి, జనానికి పనుల రూపంలో వచ్చే నిధి. ఈ మూడూ ఒకే అర్జీలో కలిపి రాస్తే మూడింటిలో ఒక్కటీ జరగదు.

మీ ఊరు జాబితాలో ఉందో లేదో చూసుకోండి

ప్రభావిత గ్రామాల జాబితా డీఎంఎఫ్ తయారు చేసి ఉంచాలి, వెబ్‌సైటులో పెట్టాలి. ముందు అది చూడండి. కనపడకపోతే జిల్లా గనులు, భూగర్భ శాఖ ఆఫీసులో అడగండి. ఇప్పటికీ జనం నోట్లో అది ఏడీ (అసిస్టెంట్ డైరెక్టర్) మైన్స్ ఆఫీసే. అక్కడి సూపరింటెండెంటుకో, రాయల్టీ ఇన్‌స్పెక్టరుకో మీ మండలంలో ఏ లీజు ఎవరి పేరున ఉందో తెలుస్తుంది.

జాబితాలో పేరు లేకపోతే నిరుత్సాహపడొద్దు. పెద్ద గనులకు పర్యావరణ అనుమతి కోసం తయారు చేసిన ప్రభావ అంచనా నివేదికలో గని చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని ఊళ్లను అధ్యయనం చేసి ఉంటారు. కేంద్ర పర్యావరణ శాఖ పరివేష్ పోర్టల్‌లో గని పేరు కొట్టి వెతకండి. ఆ నివేదికలో మీ ఊరి పేరు, మీ ఊళ్లో తీసిన నీటి నమూనా ఫలితం దొరికితే, “మా ఊరు ప్రభావిత ప్రాంతంలో ఉందని కంపెనీ నివేదికే చెబుతోంది” అని రాయొచ్చు. ఇంతకంటే బలమైన వాక్యం మీ ఫైలులో ఇంకోటి ఉండదు. గని యజమాని ఆరు నెలలకోసారి అనుమతి షరతుల అమలు మీద నివేదిక ఇవ్వాలి. అదీ వెతికి పెట్టుకోండి.

ఈ నివేదికలు వందల పేజీల ఇంగ్లీషులో ఉంటాయి. ఇక్కడే మీ ఊరి నుంచి హైదరాబాదులోనో, బెంగళూరులోనో, అమెరికాలోనో ఉద్యోగం చేస్తున్న పిల్లల సాయం తీసుకోండి. “ఊరికి ఏమైనా చేయాలనుంది” అనే వాళ్లు ప్రతి ఊరి వాట్సాప్ గ్రూపులో ఉంటారు. వాళ్లను చందా అడగడం కంటే ఈ పని అడగండి. పీడీఎఫ్ చదివి మన ఊరి పేరున్న పేజీలు వేరు చేసి పంపమనండి. గూగుల్ మ్యాప్‌లో గని హద్దు నుంచి మన ఊరి బొడ్రాయి దాకా దూరం కొలిచి స్క్రీన్‌షాట్ తీయమనండి.

సాయం చేసేవాళ్లు ఎవరెవరు

నా ఉద్దేశంలో ఎక్కువ ఊళ్లు తప్పిపోయేది ఇక్కడే. ఎమ్మెల్యే దగ్గరికి వెళ్లడంతో పని మొదలుపెడతారు. ఎమ్మెల్యేలు, ఎంపీలు డీఎంఎఫ్ పాలకమండలిలో ఉంటారు, వాళ్ల మద్దతు అవసరమే. కానీ ఫైలు తయారయ్యాక వెళ్తే వాళ్లు దాన్ని పట్టుకుని మాట్లాడగలరు. ఉత్త చేతులతో వెళ్తే “చూద్దాంలే” అంటారు, అంతే.

మొదట పంచాయతీ కార్యదర్శి. తీర్మానం రాసేది, మినిట్స్ బుక్కు ఉండేది ఆయన దగ్గరే. మీరు చెప్పింది తీర్మానంలో ఏ మాటల్లో వస్తుందన్నది ఆయన కలం మీద ఆధారపడి ఉంటుంది. ముందే కూర్చుని డ్రాఫ్టు రాసి ఇవ్వండి. పని తగ్గితే ఏ కార్యదర్శీ కాదనడు.

రెండు, ఇంజినీర్లు. తాగునీటి పనికి గ్రామీణ నీటి సరఫరా శాఖ (ఆర్‌డబ్ల్యూఎస్) అసిస్టెంట్ ఇంజినీరు, అంటే ఆర్‌డబ్ల్యూఎస్ ఏఈ. డ్రైనేజీకి, రోడ్డుకు, అంగన్‌వాడీ భవనానికి పంచాయతీరాజ్ ఏఈ. ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటు మొదటి కొలతలు తీసివ్వగలడు. అంచనా వేయకుండా ఏ పనికీ పరిపాలనా అనుమతి రాదు. ఏఈ మీద మండలమంత పని ఉంటుంది కాబట్టి మీ ఊరి అంచనా దానంతట అది రాదు. ఆయన వచ్చిన రోజు టేపు పట్టుకోవడానికి ఇద్దరు కుర్రాళ్లను, స్థలం చూపించడానికి ఒక పెద్దమనిషిని సిద్ధంగా ఉంచండి. స్థలం పంచాయతీదా, ప్రభుత్వానిదా, దాని సర్వే నంబరు ఎంత అన్నది ఆంధ్రప్రదేశ్‌లో వీఆర్వోనో, తెలంగాణలో తహసీల్దారు ఆఫీసునో అడిగి ముందే రాయించుకోండి. ట్యాంకు కట్టాల్సిన జాగా మీద తగాదా ఉందని చివర్లో తెలిస్తే మంజూరైన పని కూడా వెనక్కి పోతుంది.

మూడోది చాలామందికి తట్టదు. మీ ఊళ్లోనో, పక్క ఊళ్లోనో రిటైరైన ప్రభుత్వోద్యోగి. ఎంపీడీఓ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా చేసినవాళ్లు, సర్వేయర్లు, హెడ్మాస్టర్లు, సింగరేణిలో చేసి దిగినవాళ్లు. ఏ కాగితం ఏ సెక్షనుకు వెళ్తుందో, ఫైలు ఎక్కడ ఆగుతుందో వీళ్లకు కొట్టిన పిండి. మర్యాదగా ఇంటికి వెళ్లి, “బాబాయ్, ఊరి పనికి మీ చెయ్యి కావాలి” అని అడిగితే కాదనేవాళ్లు అరుదు. వేలు పోసి పెట్టుకునే కన్సల్టెంటు కంటే ఇలాంటి పెద్దాయన ఒక్కడు మేలు అని నేను గట్టిగా నమ్ముతాను.

నాలుగు, డ్వాక్రా సంఘాల మహిళలు, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం. జల్ జీవన్ మిషన్ కింద చాలా ఊళ్లలో నీటిని పరీక్షించే కిట్టు వాడడం మహిళలకు నేర్పారు. ఊళ్లో ఎంతమందికి దగ్గు, ఆయాసం ఉన్నాయో, ఎవరు ఏ క్వారీలో ఎన్నేళ్లు చేశారో ఆశా అక్కకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని వచ్చే సిలికోసిస్‌ని టీబీ అనుకుని మందులు వాడుతున్నవాళ్లు క్వారీ ఊళ్లలో ఉంటారు. అలాంటి అనుమానం ఉంటే ఊరికి ఛాతీ ఎక్స్‌రేలతో వైద్య శిబిరం కావాలని ప్రతిపాదన పెట్టండి. వైద్యం అధిక ప్రాధాన్య రంగమే. ఒక్క జాగ్రత్త, రోగుల పేర్లు అర్జీలో రాయొద్దు, సంఖ్య చాలు.

ఐదు, న్యాయ సహాయం. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. 1987 నాటి చట్టం ప్రకారం స్త్రీలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం అందుతుంది. మిగతావాళ్లకు ఆదాయ పరిమితి ఉంటుంది. ఫోన్ నంబరు 15100. వాళ్లు కేసులు వేయడానికే అనుకోకండి. అర్జీ రాయడంలో, సమాచార హక్కు దరఖాస్తు పెట్టడంలో కూడా పారాలీగల్ వాలంటీర్లు సాయం చేస్తారు.

ఆరు, స్వచ్ఛంద సంస్థలు. గనుల మీద పనిచేసే సంస్థల్లో మన దగ్గర పుట్టిన ‘సమత’ పేరు ముందు చెప్పాలి. అనంతగిరి మండలం బొర్రా ప్రాంత గిరిజనుల భూముల కోసం అది సుప్రీంకోర్టు దాకా పోరాడింది. 1997 తీర్పు షెడ్యూల్డు ప్రాంతాల్లో గిరిజనేతరులకు గని లీజులివ్వడం చెల్లదంది. తవ్వకాల్లో వచ్చే నికర లాభంలో కనీసం 20 శాతం నీళ్లు, బడులు, ఆసుపత్రులు, రోడ్ల కోసం శాశ్వత నిధిగా పక్కన పెట్టాలని కూడా చెప్పింది. డీఎంఎఫ్ వెనకున్న ఆలోచనకు మన గడ్డ మీదే ఇంత చరిత్ర ఉంది. ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ డీఎంఎఫ్‌ల పనితీరు మీద నివేదికలు వేసింది, వాటిని చదివితే వేరే జిల్లాలు ఏమేం చేశాయో తెలుస్తుంది.

ఇక పర్సెంటేజీ అడిగే మధ్యవర్తులు. “నాకు పైవాళ్లు తెలుసు, మంజూరు చేయిస్తా, ఇంత ఇవ్వండి” అనేవాళ్లను దగ్గరికి రానివ్వొద్దు. ఊరి తరఫున ప్రతిపాదన పెట్టడానికి ఏ ఫీజూ లేదు. అలాంటివాడు తెచ్చిన పని ఎలా ఉంటుందో కొత్తగా చెప్పక్కర్లేదు. పెచ్చులూడే ట్యాంకు, నీళ్లు రాని పైపు.

ఆధారాలు పోగు చేయండి

ముందు నీళ్లు. సీసాలో నీళ్లు పట్టి ఆర్‌డబ్ల్యూఎస్ ల్యాబులో ఇవ్వండి, ఏ బోరుదో, ఏ తేదీన పట్టారో రాయించండి. తాగునీటికి దేశ ప్రమాణం ప్రకారం ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా ఒప్పుకుంటారు. టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాలు, 500 లోపు, దిక్కులేకపోతే 2000 దాకా. నైట్రేటు 45 దాటకూడదు. రిపోర్టులో అంకె దీన్ని దాటితే ఎర్ర పెన్నుతో గుండ్రంగా చుట్టండి. చూసే అధికారికి పది సెకన్లలో విషయం అర్థం కావాలి.

గాలి సంగతి కష్టం, యంత్రం కావాలి. కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయానికి రాసి మీ ఊళ్లో కొలవమని అడగండి. ఈలోపు ఫోటోలు తీయండి. మిద్దె మీద పేరుకున్న దుమ్ము, టార్పాలిన్ లేకుండా వెళ్తున్న టిప్పరు, తెల్లబడిన మిరప ఆకులు. ఫోటో మీద తేదీ పడేలా చూసుకోండి. బడి గోడలు పగిలితే హెడ్మాస్టరు చేత ఒక పేజీ లేఖ రాయించండి.

గ్రామసభ, తీర్మానం

గ్రామసభ తీర్మానమే మీ ప్రతిపాదనకు ప్రాణం. షెడ్యూల్డు ప్రాంతాల్లో అయితే ఇది మర్యాద కోసం కాదు, నిబంధన. ఏజెన్సీ గ్రామాల్లో ఈ నిధితో చేపట్టే ప్రణాళికలు, పనులు అన్నిటికీ గ్రామసభ ఆమోదం ఉండాలి. ఏడాది తిరిగాక ఏమేం చేశారో గ్రామసభకు నివేదిక ఇవ్వాలి. షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం (పెసా) ప్రకారం గ్రామం అంటే ఆవాసం లేదా కొన్ని ఆవాసాల గుంపు, పంచాయతీ మొత్తం కానక్కర్లేదు. అంటే మీ గూడెం తన సభ తానే పెట్టుకోగలదు. ఐటీడీఏ ఆఫీసులో పెసా వ్యవహారాలు చూసేవాళ్లను పిలిపించుకోండి.

సభకు కూలి పనులకు వెళ్లేవాళ్లు రాగలిగే వేళ పెట్టించండి. పొద్దున పదింటికి పెడితే క్వారీలో పనిచేసేవాళ్లు, పొలం వెళ్లే ఆడవాళ్లు రారు. గని వల్ల ఎక్కువ దెబ్బ తినేది వాళ్లే. దుమ్ముకు దగ్గర్లో ఎస్సీ కాలనీ ఉండి, ట్యాంకు మాత్రం ఊరి పెద్ద వీధికి అడిగితే అది న్యాయం కాదు. పని ఎక్కడ చేయాలో ముందు కాలనీవాళ్లను అడగండి.

తీర్మానం ఇలా ఉంటే బాగుంటుంది:

“………… గ్రామ పంచాయతీ పరిధిలోని ………… గని (లీజు నంబరు …………) హద్దుకు ………… కిలోమీటర్ల దూరంలో ఉన్న ………… కాలనీలో ………… కుటుంబాలు నివసిస్తున్నాయి. ఈ కాలనీలోని రెండు బోర్ల నీటిలో ………… పరిమితికి మించి ఉన్నట్లు ………… తేదీ గల ల్యాబు రిపోర్టు తెలుపుతోంది (ప్రతి జతపరచడమైనది). కావున ………… సర్వే నంబరులోని ప్రభుత్వ స్థలంలో నీటి శుద్ధి కేంద్రం, కాలనీకి ………… మీటర్ల పైపులైను ఏర్పాటు చేయుటకు అంచనా వ్యయం రూ. ………… డీఎంఎఫ్ నిధుల నుంచి మంజూరు చేయవలసిందిగా జిల్లా కలెక్టరు గారిని కోరుతూ గ్రామసభ ఏకగ్రీవంగా తీర్మానించింది. ఈ పనికి వేరే పథకం కింద నిధులు మంజూరు కాలేదు. నిర్వహణ బాధ్యత ………… వహిస్తుంది.”

“మా ఊరిలో నీటి సమస్య తీవ్రంగా ఉన్నది, దయచేసి పరిష్కరించగలరు” అన్నదానికీ దీనికీ తేడా చూడండి. మొదటిది చదివిన అధికారి సానుభూతి చూపించి పక్కన పెట్టగలడు. రెండోది చదివాక మంజూరు చేయాలి, లేదా ఎందుకు చేయడం లేదో రాయాలి. చివరి వాక్యం వదిలేయొద్దు. కట్టి వదిలేసిన శుద్ధి కేంద్రాలు జిల్లా అంతా ఉంటాయి కాబట్టి కరెంటు బిల్లు ఎవరు కడతారో, ఫిల్టరు ఎవరు మారుస్తారో రాసిన ఊరి మీద నమ్మకం కలుగుతుంది.

ఒక తీర్మానంలో ఒకే పని. రెండు పనులుంటే రెండు తీర్మానాలు.

దాఖలు చేయడం

తీర్మానం నకలు, అంచనా, ల్యాబు రిపోర్టు, ఫోటోలు, మ్యాపు, స్థలం ధ్రువీకరణ, అన్నీ ఒక ఫైలుగా కట్టి మూడు సెట్లు తీయండి. ఒకటి ఎంపీడీఓ ద్వారా, ఒకటి నేరుగా కలెక్టరేట్‌లో, ఒకటి మీ దగ్గర. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో అది ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అక్కడ ఇస్తే నంబరుతో రసీదు వస్తుంది, ఆ నంబరే మీకు ఆధారం. ఏడీ మైన్స్ ఆఫీసుకు కూడా నకలు ఇచ్చి ముద్ర వేయించుకోండి.

వేళ కూడా ముఖ్యం. వార్షిక ప్రణాళిక ఆర్థిక సంవత్సరం మొదలయ్యే ముందే సిద్ధం కావాలి. కాబట్టి సంక్రాంతి లోపు మీ ఫైలు లోపలుంటే మంచిది. పాలకమండలి సమావేశం ఎప్పుడో కలెక్టరేట్‌లో కనుక్కుని, అంతకు ముందు వారం ఎమ్మెల్యేకో, ఎంపీకో నకలు చేతికివ్వండి. వాళ్లు మాట్లాడటానికి ఇదే సరైన సమయం.

“రాష్ట్రం నుంచి అనుమతి రావాలి” అనే జవాబు వస్తే ఒక సంగతి గుర్తుంచుకోండి. డీఎంఎఫ్ ఖర్చుకు రాష్ట్ర స్థాయిలో మంజూరు చేయకూడదని కేంద్ర గనుల శాఖ 2021 జులైలో ఉత్తర్వు ఇచ్చింది. పని జిల్లా హద్దు దాటితేనే రాష్ట్ర అనుమతి అడుగుతారు. గొడవ పడకుండా, “ఏ నిబంధన ప్రకారమో రాతపూర్వకంగా చెప్పగలరా” అని అడగండి.

మీ గని పక్క జిల్లాలో ఉంటే? జిల్లాలు విడిపోయాక ఈ చిక్కు చాలా ఊళ్లకు వచ్చింది. గని ప్రభావం పక్క జిల్లా మీద కూడా ఉంటే వసూలైన దానిలో కొంత భాగం ఆ జిల్లా ట్రస్టుకు బదిలీ చేయాలని మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఇద్దరు కలెక్టర్లకూ రాయండి.

ఫైలు ఆగిపోతే

సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టండి. మన రాష్ట్రాల్లో గ్రామస్థాయి కార్యాలయాల్లో ఫీజు లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు. తెల్లరేషన్ కార్డుదారులు పేదరిక రేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం జతచేస్తే ఫీజు ఉండదు. తెలుగులో రాయొచ్చు. ఎందుకు అడుగుతున్నారో చెప్పక్కర్లేదు. ప్రశ్నలు సూటిగా ఉండాలి:

గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో మా మండలంలోని గనుల నుంచి డీఎంఎఫ్‌కు జమైన మొత్తం, లీజువారీగా.
అదే కాలంలో మా మండలంలో డీఎంఎఫ్ నిధులతో మంజూరైన పనులు, గ్రామాల పేర్లు, మొత్తాలు, ప్రస్తుత స్థితి.
ప్రత్యక్ష ప్రభావిత గ్రామాల జాబితా ప్రతి.
………… తేదీన మేము ఇచ్చిన ………… నంబరు ప్రతిపాదనపై నోట్‌ఫైలు ప్రతి.

నోట్‌ఫైలు అడగడం మర్చిపోవద్దు. ఎవరి దగ్గర, ఏ కారణంతో ఆగిందో అందులోనే ఉంటుంది. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోగా మొదటి అప్పీలు, అదీ తేలకపోతే 90 రోజుల్లోగా రాష్ట్ర సమాచార కమిషన్‌కు రెండో అప్పీలు. దరఖాస్తు మీద ఒక్కరి పేరే ఉంటుంది కాబట్టి, గని యజమాని మనుషుల ఒత్తిడి ఉన్న ఊళ్లలో క్వారీ కూలి మీద బతికే మనిషి పేరున పెట్టించకండి. పెన్షన్ మీద బతికే పెద్దాయనో, బయట ఊళ్లో ఉన్న కుర్రాడో పెడితే టెన్షన్ ఉండదు. ఇది చిన్న విషయం కాదు, ఒక కుటుంబం కూడు పోగొట్టుకోవచ్చు.

కాలుష్యం ఆగకుండా సాగుతుంటే, నష్టం జరిగి ఉంటే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఉంది. మన రెండు రాష్ట్రాలకూ చెన్నైలోని దక్షిణ బెంచి. పరిహారం కోసం నష్టానికి కారణం మొదట తలెత్తిన నాటి నుంచి ఐదేళ్లలోపు వెళ్లాలి. న్యాయసేవాధికార సంస్థను ఇక్కడ వకీలు కోసం అడగండి. కానీ డీఎంఎఫ్ ప్రతిపాదనను దీనికోసం ఆపొద్దు. రెండూ వేర్వేరు దారుల్లో నడవనివ్వండి.

మంజూరయ్యాక

పరిపాలనా అనుమతి ఉత్తర్వు ప్రతి తెచ్చుకుని పంచాయతీ ఆఫీసు గోడకు అంటించండి. పని పేరు, మొత్తం, చేసే సంస్థ, మొదలు, ముగింపు తేదీలు, పని ఎంతవరకు వచ్చిందీ వెబ్‌సైటులో పెట్టడం డీఎంఎఫ్ బాధ్యతే. పైపులైను తవ్వేటప్పుడు లోతు కొలవండి, సిమెంటు బస్తా మీద పేరు ఫోటో తీయండి, కాలనీ మహిళా సంఘం నుంచి ఇద్దరిని రోజూ పని దగ్గర ఉండమనండి. ఆఖరి బిల్లు చెల్లించే ముందు కాలనీలో చివరి ఇంటి కుళాయి తిప్పి చూడమని ఏఈకి రాతపూర్వకంగా అడగండి, ఆ లేఖ నకలు మీద ముద్ర వేయించుకోండి. నీళ్లు వచ్చాక మళ్లీ ఒక సీసా పట్టి ల్యాబుకు పంపండి. ఆ రిపోర్టు రెండో ప్రతిపాదనకు, ఊపిరాడని వాళ్ల వైద్య శిబిరానికో, బడి గోడలకో, మొదటి పేజీగా పనికొస్తుంది.